పడవ అంచు

విజయవాడ నుంచి వచ్చే రైలు ఏలూరు చేరబోయే ముందు వట్లూరు అనే చిన్న స్టేషనును దాటుతుంది. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడికి వరిచేలు, కొబ్బరిచెట్లు, ఈ మధ్యకాలంలో వెలసిన కళాశాలల భవనాలు కనిపిస్తాయి. ఆ ఊరిలో ఒక పెంకుటింటి పెరట్లో, తాటాకుల పాక కింద, కొయ్యదిమ్మల మీద నిలిపి ఉంచిన పడవ మాత్రం కనిపించదు. చేల నడుమ, పెరటి చెట్ల నీడలో పడవకేమి పని అని కొత్తవారు అడుగుతారు. ఊరివారు అడగరు.

పడవ పొడవు ఇరవై రెండు అడుగులు. టేకు పలకలతో, తుమ్మ వంపుకర్రలతో కట్టినది. దాని యజమాని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయన తండ్రి యౌవనమంతా కాలువల మీద, కొల్లేటి మీద ఆ పడవను నడిపాడు. తండ్రి గతించి చాలా ఏళ్లయింది. పడవ మిగిలింది, ఆ పడవలోనే కొత్తకోడలిగా కాపురానికి వచ్చిన తల్లి మిగిలింది. ఎనభై ఏళ్లు దాటిన ఆమెకు చూపు పూర్తిగా పోయింది. అయినా ప్రతి సాయంకాలం గోడ పట్టుకొని పెరట్లోకి నడిచి, పడవ అంచు మీద చేయి వేసి కాసేపు నిలబడి, మళ్లీ లోపలికి వెళ్లడం ఆమె అలవాటు. ఆమె ఎందుకు అలా నిలబడుతుందో కొడుకు ఏనాడూ అడగలేదు. ఇంట్లో నిత్యం జరిగేదాన్ని గురించి ప్రశ్న పుట్టడం అరుదు కదా!

ఆ ప్రాంతానికి పడవ కొత్తది కాదు. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన గోదావరి ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ వద్ద కృష్ణ మీది ఆనకట్ట 1855 నాటికి ముగిసింది. వాటి నుంచి తీసిన ప్రధాన కాలువలను పొలాలకు నీరందించడానికే కాక సరకుల రవాణాకు కూడా అనువుగా తవ్వారు. నీటిమట్టం మారే చోట్ల లాకులు కట్టారు. గోదావరి వైపు నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే కాలువ, బెజవాడ వైపు నుంచి వచ్చే కాలువ ఏలూరులో కలుసుకొంటాయి. ధాన్యం, బెల్లం, ఉప్పు, కట్టెలు, పెళ్లివారు అందరూ అన్నీ ఆ నీటి మీదనే సాగిన రోజులున్నాయి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకొని లాగేవారు. రోడ్లు బాగుపడి, లారీలు పెరిగిన కొద్దీ ఆ పడవలు ఒక్కొక్కటిగా రేవులు విడిచి వంటచెరకుగా మారాయి. 2008లో ఏలూరు కాలువతో సహా కాకినాడ, పుదుచ్చేరి నడుమనున్న కాలువల వరుసను నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన వచ్చింది గాని, ఆ తెరచాపలు తిరిగి రాలేదు.

కొల్లేటి మీద సంగతి కొంత వేరు. లోతు తక్కువైన ఆ సరస్సులో తాటిబోదెను తొలిచి చేసిన దోనెలే ఎక్కువ. ఒంటి దోనె ఒరిగిపోతుంది కనుక రెండింటిని పక్కపక్కన చేర్చి కట్టడం అక్కడి పద్ధతి. అటువంటి జంటకు మన భాషలో సంగడి అని పేరు. స్నేహితుణ్ణి సంగడీడు అనడం పాత కావ్యాల్లో కనిపిస్తుంది. ఒకరినొకరు మునగనీయని వారికి అంతకన్న తగిన పేరు దొరకదు. దండి రచించిన దశకుమారచరితంలో మంత్రగుప్తుడు చెప్పే కథలో వచ్చే ఆంధ్రదేశపు సరస్సు కొల్లేరే అని పండితులు చెబుతారు. పెదవి గాయపడిన మంత్రగుప్తుడు ఓష్ఠ్యాక్షరాలు లేకుండా ఆ కథంతా చెప్పాడు. పకారమూ వకారమూ పెదవుల సాయం లేనిదే పలకవు. అంటే మన ‘పడవ’ అనే మాటకు ఆ కథలో ప్రవేశమే లేదన్నమాట!

ఒక సంక్రాంతి మరునాడు తల్లి కొడుకును పిలిచి ఒక కోరిక చెప్పింది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వస్తుంది. పూర్వం వారి కుటుంబం ఆ జాతరకు పడవలోనే వెళ్లేది. ఇప్పుడు రోడ్డు ఉంది, కారు ఉంది. “కారులో వెళితే నేను ఎక్కడున్నానో నాకు తెలియదు నాయనా. నీళ్ల మీదైతే తెలుస్తుంది” అన్నది ఆమె.

పడవ బాగానే ఉన్నదని కొడుకు నమ్మకం. ఏటేటా ఉగాదికి ముందు తన చేతులతో దానికి ఎనామిల్ రంగు పూస్తూ వచ్చాడు. చూడడానికి అది నిగనిగలాడుతూ ఉండేది. అయినా నీటిలో దించే ముందు తెలిసినవారికి చూపించాలి గనుక, కొల్లేటి లంకగ్రామం నుంచి ఒక వృద్ధ వడ్రంగిని పిలిపించాడు. ఆ పడవను కట్టినది ఆయన తండ్రే. అప్పుడు ఈయన మేకుల డబ్బా పట్టుకొని పక్కన నిలబడిన కుర్రవాడు.

మేస్త్రీ వచ్చి పడవను చూడలేదు, విన్నాడు. కొయ్యసుత్తితో అడుగడుక్కీ మెల్లగా తట్టుకుంటూ చుట్టూ తిరిగాడు. గట్టి కర్ర ఖణీమని పలుకుతుంది. పుచ్చిన కర్ర నోరు మూసుకొని మాట్లాడినట్లు పలుకుతుంది. పక్కపలకలు, అడుగుపలకలు బాగానే పలికాయి. పైన చుట్టూ బిగించిన అంచుపట్టె దగ్గర మాత్రం రెండు మూడు చోట్ల ఆయన ఆగాడు. అంచుపట్టె పడవకు అలంకారం వంటిదే అయినా, రేవుగోడల రాపిడిని ముందుగా తాను భరించి పలకలను కాపాడేది అదే. కుడివైపు ఒకచోట ఆరెతో పొడిచి చూశాడు. ఆరె మొన ప్రతిఘటన లేకుండా లోపలికి దిగింది. రంగు పెచ్చు కింద నుంచి తడి పొడి ఊడిపడింది.

“మాస్టారూ, దీనికి ఇన్ని కోకలు చుట్టినదెవరు?” అని అడిగాడు మేస్త్రీ.

కొడుకు తానేనని చెప్పాడు. పాత రంగు గీకకుండా, మంచుకాలంలో, చెమ్మ ఆరని కర్ర మీదనే పూసిన సంగతి కూడా ఒప్పుకొన్నాడు. కర్ర నీరు పీల్చినా ఆరిపోగలిగితే చెడదు. పైన దళసరి రంగుపొర ఉంటే, పగుళ్ల గుండా, మేకుల రంధ్రాల గుండా లోపలికి చేరిన నీరు తిరిగి బయటకు పోలేదు. ఆ చెమ్మలో బూజుజాతి సూక్ష్మజీవులు కర్రను లోలోపల తినివేస్తాయి. ప్రేమతో వేసిన రంగే కర్రకు చేటు తెచ్చిందని తెలిసినప్పుడు ఆ ఉపాధ్యాయుడు, బడిలో తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

పని మరునాడే మొదలైంది. ముందుగా రంగు తీయాలి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. గృహాలకు వాడే రంగుల్లో అది పది లక్షల భాగాలకు తొంభై మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరులోగాని అమలుకు రాలేదు. అందువల్ల రంగును పొడిగా రుద్ది ధూళి లేపడం ప్రమాదం. కొడుకు ఈ విషయం చదివి ఉన్నాడు కనుక కింద పట్టా పరచి, ముక్కుకు తువ్వాలు బిగించి, తడిగుడ్డతో అద్దుకుంటూ గీకడానికి ఏర్పాటు చేశాడు. గీకే పనికి మేస్త్రీ ఎంచుకొన్న పరికరం పగిలిన గాజుముక్క. ఎంత పదునైన ఉలి అయినా చేయి జారితే కర్రలోకి దిగుతుంది. గాజు అంచు రంగును తీస్తుంది గాని కర్రను కరవదు. గుడ్డ చుట్టి పట్టుకొని పొర వాలుననుసరించి లాగితే, ఎర్రరంగు, దాని కింద నీలం, దాని కింద ఆకుపచ్చ, ఏళ్లకేళ్లు వెనక్కి వెళుతున్నట్లు ఊడివచ్చాయి.

మూడవరోజు మధ్యాహ్నం కుడివైపు అంచుపట్టె మీద ఒక గాడి బయటపడింది. బొటనవేలు సరిగ్గా ఇమిడేటంత గాడి. తెరచాప తాడు ఏళ్ల తరబడి ఒరిసి ఒరిసి చేసిన గుర్తు అది. కొడుకు పూసిన రంగు పొరలు పొరలుగా నిండి, దాన్ని ఇంచుమించు పూడ్చివేశాయి. సాయంకాలం తల్లి వచ్చి ఎప్పటిలాగే చేయి వేసింది. వేలు గాడిలోకి దిగగానే ఉలిక్కిపడింది. తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

“ఇది మళ్లీ ఇంత లోతుగా ఎలా వచ్చింది?” అన్నది చివరకు. ఏటేటా ఆ గాడి పూడిపోతున్నదని ఆమె వేలికి తెలుసు. కొడుకు ముచ్చటపడి రంగు వేసుకొంటున్నాడని నోరు విప్పలేదు.

ఇక పట్టెను విడదీయడం. అసలు నేర్పు అక్కడ కావాలి. ఒకచోట గునపం పెట్టి పెకలిస్తే పట్టె చీలుతుంది, కింది పలక కూడా పగులుతుంది. వెలుపలి నుంచి కొట్టిన ఇనుప మేకుల మొనలు లోపలివైపు వంచి ఉన్నాయి. ముందు పడవ లోపల కూర్చుని ఒక్కొక్క మొనను నిటారుగా చేసి, ఆకురాయితో తుప్పు రాల్చి, లోపలి నుంచి బయటకు తట్టాలి. వేపకర్రతో చెక్కిన పలుచని చీలికలను పట్టెకూ పలకకూ నడుమ మూరకొకటి చొప్పున దూర్చి, అన్నింటినీ వంతులవారీగా కొద్దికొద్దిగా కొట్టాలి. పట్టె తనంత తాను వదులైనట్లు లేచి రావాలి. తలలు విరిగిపోయిన మేకుల దగ్గర బర్మాతో చుట్టూ తొలిచి లాగవలసి వచ్చింది. ఊడదీసిన ప్రతి ముక్క మీదా సుద్దతో అంకె వేద్దామని కొడుకు వంగితే, మేస్త్రీ నవ్వి పట్టె వెనుకవైపు చూపించాడు. అక్కడ ఉలితో కొట్టిన గీతలు వరుసగా ఉన్నాయి: ఒకటి, రెండు, మూడు. ఆయన తండ్రి వేసిన లెక్క అది. పలక మీద కూడా ఆ గీతలకు జతగా గీతలున్నాయి.

మేకు ఉన్న ప్రతిచోటా కర్ర చుట్టూ నల్లని మచ్చ ఏర్పడి ఉంది. అది కాలిన మచ్చ కాదు. కర్రలోని వగరు పదార్థం చెమ్మ సాయంతో ఇనుముతో కలిసినప్పుడు నల్లబడుతుంది. మన పూర్వులు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచుకొన్నది ఈ ధర్మం వల్లనే. పుస్తకాలను నిలబెట్టిన నలుపే పడవలో మేకుల పట్టు సడలిందని చెప్పే గుర్తు కావడం విచిత్రం. భోజరాజు పేరిట ప్రసిద్ధమైన ‘యుక్తికల్పతరువు’ సముద్రనౌకలకు ఇనుము వాడవద్దంటుంది. నీటిలోని అయస్కాంత శిలలు ఆ నౌకలను లాగివేస్తాయని కారణం చెబుతుంది. కారణం కథలాంటిదే గాని, హెచ్చరికలో కొంత నిజం లేకపోలేదు. ఇనుప మేకుల పడవకు అయస్కాంతం కన్న తుప్పే పెద్ద శత్రువు. ఈసారి రాగిమేకులు కొడదామని ఇద్దరూ నిశ్చయించుకొన్నారు.

పుచ్చు ఎంతవరకు పాకిందో పట్టె ఊడిన తరువాతగాని తెలియలేదు. కుడివైపు పట్టెలో మూడడుగుల మేర పనికిరాదు. పుచ్చు ముగిసిన చోటికీ తాడుగాడికీ నడుమ జానెడు కర్ర మాత్రమే గట్టిగా ఉంది. ఆ పట్టె మొత్తం తీసివేసి కొత్తది వేయడం సులభం, బలం కూడా. కొడుకు అందుకే మొగ్గు చూపాడు. అయినా గాడి సంగతి మనసులో ములుకులా ఉంది. మేస్త్రీ తన అభిప్రాయమేమీ చెప్పకుండా, “అక్కగారిని అడగండి” అన్నాడు.

తల్లి ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు.

“పడవ నిలవాలి గాని గాడి కోసం పడవను చెడగొడతారా? తీసెయ్యండి తమ్ముడూ. ఇన్నాళ్లూ ఉంది, చాలు.”

ఆ మాట అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంకాలం పెరట్లోకి రాలేదు. మరునాడు కూడా రాలేదు.

మేస్త్రీ ఆ రెండు రోజులూ పట్టెను పక్కన పెట్టి వేరే పనులు చేశాడు. మూడవనాడు ఉదయం, ఎవరూ అడగకుండానే, గాడికి జానెడు దూరంలో రంపం పెట్టాడు. పుచ్చిన భాగం తెగిపడింది. గాడి ఉన్న భాగం నిలిచింది. మిగిలినదానికి కొత్త కర్రను ఏటవాలుగా అతకాలి. నిలువుగా కోసి తల తలకు ఆనిస్తే అతుకు ఒక్క ఊపుకు విడిపోతుంది. మందం ఒక అంగుళమైతే వాలు ఎనిమిది అంగుళాలకు తగ్గకూడదు; అప్పుడే రెండు కర్రలూ ఒకదాని బరువును ఒకటి పంచుకొంటాయి. పట్టె మందం అంగుళం. ఉన్న జానెడు గట్టికర్ర ఆ వాలుకు సరిగ్గా సరిపోయింది. ఒక్క వేలు ఎక్కువ కోసినా గాడి పోతుంది, ఒక్క వేలు తక్కువైతే అతుకు నిలవదు. డెబ్బై అయిదేళ్ల ఆ చేతులు చిత్రిక పడుతున్నంతసేపూ కొడుకు ఊపిరి బిగపట్టి చూశాడు.

కొత్త కర్ర అంటే నిజానికి కొత్తది కాదు. ఏలూరులో కూల్చివేసిన ఒక పాత మేడ ద్వారబంధం నుంచి తెచ్చిన టేకు. పచ్చికర్ర ఆరుతూ వంకర తిరుగుతుంది. ఎన్నో వేసవులు చూసిన కర్ర ఇక తిరగదు. టేకులో సహజమైన జిడ్డు ఉంటుంది కాబట్టి అతికే ముఖాలను థిన్నరుతో తుడిచి, అప్పటికప్పుడే ఎపాక్సీ జిగురు రాసి బిగించారు. జిగురు మీద మేస్త్రీకి నమ్మకం లేదు. అందుకే దానికి తోడు నాలుగు రాగిమేకులు కూడా కొట్టాడు. పాత మేకురంధ్రాలకు కర్రబిరడాలు చేసి, పొర వాలు పక్కకర్రతో కలిసేటట్లు తిప్పి దిగగొట్టాడు. పలకల సందుల్లో దూదిపేట కూరి, గుగ్గిలం పొడిని నూనెలో కాచి చేసిన ముద్దను పైన అద్దాడు. పట్టె వెనుక కూడా ఆ ముద్దనే పరచి, తండ్రి వేసిన గీతలకు గీతలు కలిపి, మళ్లీ బిగించాడు.

పైపూతగా రంగు వద్దని ఇద్దరూ అనుకొన్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కర్ర పైపొరలోని బంధక పదార్థాన్ని విరిచివేస్తాయి. ఆరుబయట వదిలిన టేకు బూడిదరంగుకు తిరగడానికి అదే కారణం. నూనె దాన్ని పూర్తిగా ఆపలేదు. కాని నూనె పట్టిన కర్ర ఊపిరి తీసుకొంటుంది, చెడితే పైకి చెబుతుంది. గరుకు కాగితంతో పొర వెంబడి రుద్ది, మొదటిపూతకు అవిసెగింజల నూనెలో టర్పెంటైన్ సగానికి సగం కలిపారు. పలుచని నూనె లోపలికి దిగుతుంది. తరువాతి పూతలు క్రమంగా చిక్కబడతాయి. ఒక్కొక్క పూత ఆరడానికి రోజో రెండు రోజులో పట్టేది. మంచు విడిచి, ఎండ ముదరక ముందు, దుమ్ము లేని వేళ చూసి ఆరు పూతలు వేశారు.

రెండవ పూతనాడు కొడుకు నూనెగుడ్డలను ఉండచుట్టి పాక మూల పడవేశాడు. కాసేపటికి తల్లి లోపలి నుంచి, “ఏదో మాడుతున్న వాసన” అని కేకవేసింది. వెళ్లి చూస్తే గుడ్డలు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. అవిసెనూనె ఆరేటప్పుడు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి వేడి పుట్టిస్తుంది. కుప్పగా ఉంటే ఆ వేడి పోయేదారి లేక గుడ్డలు తమంత తామే అంటుకొంటాయి. పైన తాటాకుల పాక! మేస్త్రీ వాటిని బకెట్టు నీళ్లలో ముంచాడు. ఆనాటి నుంచి గుడ్డలను విడివిడిగా కంచె మీద ఆరవేశారు. చూపున్నవారిద్దరికీ అందని ప్రమాదాన్ని చూపులేని ఆమె పసిగట్టింది.

ఫాల్గుణం వచ్చింది. ట్రాక్టరు మీద పడవను ఏలూరుకు దక్షిణాననున్న ఒక లంకగ్రామానికి చేర్చారు. ఎండిన పడవను ఒక్కసారిగా నీటిలో నడపరాదు. పలకలు కుదించుకుపోయి ఉంటాయి కనుక నీరు కారుతుంది. రేవులోనే నీరు నింపి మూడు రోజులు మునగదీసి ఉంచారు. కర్ర నీరు తాగి ఉబ్బి సందులు తమంత తామే మూసుకొన్నాయి. నాలుగవనాడు నీరు తోడివేస్తే అడుగు పొడిగా నిలిచింది.

కొల్లేరు వెనుకటి కొల్లేరు కాదు. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది, 2006లో చేపలచెరువుల గట్లు పెద్దయెత్తున తొలగించారు. అయినా గుర్రపుడెక్క, తుంగ నడుమ పడవకు దారి వెతుక్కోవలసిందే. కోట వరకు నీటిదారి తెరిపి ఉండదని, కొంతమేర వెళ్లి అక్కడి నుంచి రోడ్డెక్కాలని ముందే నిర్ణయించుకొన్నారు. తల్లి అందుకు అభ్యంతరం చెప్పలేదు.

మేస్త్రీ గెడ వేశాడు. కొడుకు చిన్న తెరచాప ఎత్తాడు. దూరంగా గూడబాతుల గుంపు నీటి మీద తెల్లగా కదిలింది. తల్లి కుడివైపు అంచు పక్కన కూర్చుని, చేతిని పట్టె మీద మెల్లగా నడిపించుకుంటూ వచ్చింది. ఒకచోట చేయి ఆగింది.

“ఇక్కడ అతికావు కదూ తమ్ముడూ?”

“కంటికి కనపడదని ధైర్యంగా ఉన్నాను అక్కగారూ. వేలికి దొరికిపోయానా?”

“ఎక్కడిదీ కర్ర?”

ఏలూరులో కూలిన మేడ ద్వారబంధమని మేస్త్రీ చెప్పాడు. ఆమె తల ఊపింది. చేయి ఇంకాస్త ముందుకు జరిగింది. జానెడు దూరం దాటి, గాడి దగ్గరకు వచ్చి నిలిచింది. ఆమె ఏమీ అనలేదు. బొటనవేలు అందులో ఉంచి, ముఖం దక్షిణం వైపు తిప్పింది.

“పైరగాలి మొదలైంది. తాడు కొంచెం వదులు చెయ్యి నాయనా” అన్నది కొడుకుతో.

అతడు తెరచాప వైపు చూశాడు. గుడ్డ అప్పుడే నిండడం మొదలుపెట్టింది.